వేంసూరు నుంచి సత్తుపల్లి దాకా: మన ఓటు నడిచిన దారి

స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని కమిటీ మిత్రులు అడిగారు. బడి గురించీ గురువుల గురించీ రాసేవారు ఎలాగూ ఉన్నారు కనుక నేను మరో విషయం ఎంచుకున్నాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా బడిగదుల్లో బెంచీలు గోడవారకు జరిపి పోలింగ్ బూత్‌లు పెట్టడం, మాస్టార్లు సంచీ సర్దుకుని ఎక్కడో మారుమూల ఊరికి ఎన్నికల డ్యూటీకి వెళ్ళడం మనందరికీ తెలిసినవే. ఆ గదుల్లో వేసిన ఓట్లన్నీ కలిసి డెబ్బై ఏళ్ళలో మన ప్రాంతానికి ఏ చరిత్ర రాశాయి? ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే. మనలో అన్ని పార్టీలవారూ ఉన్నారు. ఇది ఒకరిని పొగడటానికో మరొకరిని తెగడటానికో రాస్తున్నది కాదు.

ఇవాళ కల్లూరు, తల్లాడ, పెనుబల్లి, వేంసూరు, సత్తుపల్లి అనే అయిదు మండలాలు కలిసి సత్తుపల్లి శాసనసభ నియోజకవర్గం. 1978కి ముందు సత్తుపల్లి పేరుతో నియోజకవర్గం లేదు, వేంసూరు ఉండేది. వేంసూరు హద్దులు, 2009కి ముందున్న సత్తుపల్లి హద్దులు, ఇవాళ్టి హద్దులు ఒకటి కావు. అయినా ఒకదాని వారసత్వం మరొకదానికి వచ్చింది కాబట్టి మూడింటినీ ఒకే కథగా చెప్పుకోవచ్చు.

మొదటి ఎన్నికలు

1952లో మనది హైదరాబాద్ రాష్ట్రం. ఖమ్మం అప్పటికింకా జిల్లా కాదు, వరంగల్ జిల్లాలో భాగం. ఖమ్మం, మధిర, ఇల్లెందు, బూర్గంపహాడ్, పాల్వంచ తాలూకాలను విడదీసి 1953 అక్టోబరు 1న ఖమ్మం జిల్లా ఏర్పాటు చేశారు. తెలంగాణ సాయుధ పోరాటం అప్పుడే ముగిసింది. కమ్యూనిస్టు పార్టీ మీద హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం ఉండటంతో ఆ పార్టీవారు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్, అంటే పి.డి.ఎఫ్. పేరుతో పోటీ చేశారు. ఖమ్మం లోక్‌సభ స్థానం పి.డి.ఎఫ్. అభ్యర్థి టి.బి. విఠల్‌రావుకు దక్కింది. ఆ ఎన్నికల్లోనే స్వతంత్ర అభ్యర్థిగా శాసనసభకు పోటీ చేసి ఓడిపోయిన ఒక యువకుడు బయ్యన్నగూడెం వాసి జలగం వెంగళరావు.

అప్పటి ఓటు వేసే పద్ధతి ఈ తరానికి వింతగా ఉంటుంది. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద అతని గుర్తు అంటించి ఉండేది. ఓటరు చీటీ మీద ఏ ముద్రా వేయనక్కరలేదు, తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో వేస్తే చాలు. చదువు రానివారే ఎక్కువగా ఉన్న రోజుల్లో అందరికీ ఓటు హక్కు ఇచ్చిన దేశం కనిపెట్టుకున్న ఉపాయం అది. అందరి గుర్తులూ ఒకే బ్యాలెట్ కాగితం మీద అచ్చువేసి, ఓటరు ముద్ర వేసే పద్ధతి 1962 సాధారణ ఎన్నికలకు వచ్చింది.

1957లో వేంసూరు నుంచి కాంగ్రెస్ తరఫున వెంగళరావు సోదరుడు జలగం కొండలరావు గెలిచారు. 1962, 1967, 1972 ఎన్నికల్లో వరసగా మూడుసార్లు వెంగళరావు గెలిచారు. కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలో హోంమంత్రి అయ్యారు. 1969 తెలంగాణ ఉద్యమానికి నిప్పు రాజుకున్నది కూడా మన జిల్లాలోనే. పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగాలు స్థానికులకు దక్కడం లేదన్న ఆవేదన పెరిగి, ఆ జనవరిలో ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నాడు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. అయినా 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజా సమితి గెలుచుకుంటే, ఖమ్మం మాత్రం కాంగ్రెస్ అభ్యర్థి లక్ష్మీకాంతమ్మ వెంటే నిలిచింది. మన జిల్లా ఓటుకు గాలికి ఎదురు నడిచే అలవాటు అప్పటినుంచే ఉందన్నమాట.

ముఖ్యమంత్రి మీద ప్రజాకవి

1973 డిసెంబరు 10న వెంగళరావు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తరువాత ఆరు సూత్రాల పథకం కింద రాష్ట్రాన్ని కుదుటపరచవలసిన సమయం అది. సత్తుపల్లి కేంద్రంగా మధిర తాలూకా నుంచి కొత్త తాలూకా విడిపోయిందీ 1973లోనే. 1975లో హైదరాబాద్‌లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆయన హయాంలోనే. అదే ఏడాది ఎమర్జెన్సీ వచ్చింది. గిరాయిపల్లి అడవిలో విద్యార్థులను కాల్చి చంపిన ఘటన మీద, ఇతర ఎన్‌కౌంటర్ల మీద తార్కుండే కమిటీ, తరువాత భార్గవ కమిషన్ విచారణ జరిపాయి. ఆయన పాలనకు ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. చరిత్ర రాసేటప్పుడు ఒకదాన్ని చూపి రెండోదాన్ని దాచకూడదు.

1978 ఫిబ్రవరిలో శాసనసభ ఎన్నికలు వచ్చాయి. వేంసూరు పోయి సత్తుపల్లి నియోజకవర్గం ఏర్పడ్డాక ఇవే తొలి ఎన్నికలు. అధికారంలో ఉన్న ముఖ్యమంత్రి మీద పోటీకి వరంగల్ నుంచి ఒక కవి వచ్చారు. ఆయన కాళోజీ నారాయణరావు. కాళోజీకి ఇక్కడ కులబలం లేదు, ధనబలం లేదు. ఎమర్జెన్సీ దమనకాండకు జవాబు చెప్పవలసినవారిని వారి సొంత గడ్డ మీదే నిలదీయాలన్నది ఆయన పట్టుదల. ఓడిపోయారు. కానీ మన చిన్న నియోజకవర్గం పేరు తెలుగు సాహిత్య చరిత్రలోకి ఎక్కింది ఆ ఓటమి వల్లనే.

ఆ ఎన్నికల్లో ఇంకో విశేషం ఉంది. కాంగ్రెస్ అప్పటికే చీలింది. వెంగళరావు రెడ్డి కాంగ్రెస్‌లో ఉన్నారు. సత్తుపల్లిలో ఆయన గెలిచారు, రాష్ట్రంలో ఆయన పార్టీ చిత్తుగా ఓడింది. 175 స్థానాలతో ఇందిరా కాంగ్రెస్ గెలిచి, మార్చి 6న చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. నియోజకవర్గం తన మనిషిని నిలబెట్టుకుంది గానీ ఆయన కుర్చీని నిలబెట్టలేకపోయింది.

రెండు ఇళ్ళ కాలం

1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలో తెలుగుదేశం రెండువందలకు పైగా స్థానాలు గెలిచింది. సత్తుపల్లి మాత్రం వెంగళరావు కుమారుడు జలగం ప్రసాదరావుకు దక్కింది. అప్పుడు ఓడిన తుమ్మల నాగేశ్వరరావు 1985లో తెలుగుదేశం తరఫున గెలిచారు. 1989లో మళ్ళీ ప్రసాదరావు. 1994, 1999లో మళ్ళీ తుమ్మల. 2004లో వెంగళరావు మరో కుమారుడు జలగం వెంకటరావు. ఈ మధ్యలో వెంగళరావు 1984లోనూ 1989లోనూ ఖమ్మం నుంచి లోక్‌సభకు వెళ్ళి, కేంద్రంలో పరిశ్రమల మంత్రిగా పనిచేశారు. సత్తుపల్లి బొగ్గు గనికి జె.వి.ఆర్. ఓపెన్‌కాస్ట్ అని ఉన్నది ఆయన పేరే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క వేద్దాం. 1957 నుంచి 2004 దాకా శాసనసభకు పదకొండు ఎన్నికలు జరిగాయి. ఎనిమిదిసార్లు జలగం ఇంటివారు, మూడుసార్లు తుమ్మల. నలభై ఏడేళ్ళలో రెండే రెండు ఇంటిపేర్లు! సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, కళాశాలలు వచ్చాయి. తాలూకాలు పోయి 1985లో మండలాలు వచ్చాయి. 1989 నుంచి పద్దెనిమిదేళ్ళవారికి ఓటు వచ్చింది. 2004 నాటికి బ్యాలెట్ కాగితం పోయి యంత్రం వచ్చింది. ఇన్ని మారినా గెలిచినవారి ధ్రువపత్రం మీద ఇంటిపేరు మాత్రం ఆ రెండింటిలో ఒకటే. ఇద్దరూ పనిచేసిన నాయకులే, కాదనను. కానీ ఇన్ని ఊళ్ళున్న ప్రాంతంలో అసెంబ్లీకి వెళ్ళదగినవారు రెండు ఇళ్ళలోనే పుట్టారా అన్న ప్రశ్న అడగకుండా ఉండలేం.

గీత మారింది

ఆ ప్రశ్నకు జవాబు ఓటరు ఇవ్వలేదు, పటం ఇచ్చింది. 2001 జనాభా లెక్కల ఆధారంగా నియోజకవర్గాల పునర్విభజన జరిగి 2009 ఎన్నికలకు అమలైంది. రాష్ట్రంలో ఎస్సీ స్థానాలు 39 నుంచి 48కి, ఎస్టీ స్థానాలు 15 నుంచి 19కి పెరిగాయి. మన ఉమ్మడి జిల్లాలో మార్పు ఇంకా పెద్దది. మొత్తం పది స్థానాల్లో పినపాక, ఇల్లెందు, వైరా, అశ్వారావుపేట, భద్రాచలం గిరిజనులకు. మధిర, సత్తుపల్లి దళితులకు కేటాయించారు. జనరల్‌గా మిగిలినవి ఖమ్మం, పాలేరు, కొత్తగూడెం మాత్రమే. సుజాతనగర్, బూర్గంపహాడ్ నియోజకవర్గాలు కనుమరుగయ్యాయి. తుమ్మల స్వగ్రామం ఉన్న దమ్మపేట మండలం అశ్వారావుపేటలోకి వెళ్ళింది.

దాంతో పాత నాయకులు వేరే చోట్లు వెతుక్కున్నారు. తుమ్మల 2009లో ఖమ్మం వెళ్ళి గెలిచారు. వెంకటరావు 2014లో కొత్తగూడెం నుంచి గెలిచారు. సత్తుపల్లిలో తెలుగుదేశం తరఫున సండ్ర వెంకట వీరయ్య 2009, 2014, 2018లో వరసగా మూడుసార్లు గెలిచారు. 1994లో పాలేరు నుంచి సి.పి.ఎం. తరఫున గెలిచిన అనుభవం ఆయనకుంది. 2018లో తెలంగాణ మొత్తం మీద తెలుగుదేశం గెలిచినవి రెండే స్థానాలు: ఒకటి సత్తుపల్లి, రెండోది పక్కనే ఉన్న అశ్వారావుపేట. ఆయన తరువాత టి.ఆర్.ఎస్.లో చేరారు. 2023లో కాంగ్రెస్ తరఫున మట్టా రాగమయి గెలిచారు. 1957 నుంచి చూస్తే ఈ గడ్డ మీద గెలిచిన తొలి మహిళ ఆమె.

సత్తుపల్లి తీర్పును రాష్ట్రం తీర్పుతో పోల్చి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. 1985 నుంచి 2004 దాకా అయిదుసార్లూ రాష్ట్రంలో గెలిచిన పార్టీయే ఇక్కడా గెలిచింది. 2009, 2014, 2018లో మూడుసార్లూ రాష్ట్రంలో అధికారానికి వచ్చింది ఒకరు, ఇక్కడ గెలిచింది మరొకరు. రిజర్వేషన్ వస్తే ఓటరు పెద్ద నాయకులు చూపినవారికి కళ్ళుమూసుకుని ఓటేస్తాడని అనుకున్నవారు ఉన్నారు. ఈ మూడు తీర్పులు చూశాక ఆ మాట నిలబడదు.

గీత గీసినప్పుడు అందరికీ మేలే జరగదు. ఎగువన భద్రాచలం చూడండి. 1959 దాకా అది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ ఏడాది ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వి.ఆర్. పురం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళిపోయి రంపచోడవరం నియోజకవర్గంలో కలిశాయి. కుక్కునూరు, వేలేరుపాడు పోలవరంలో చేరాయి. భద్రాచలం ఎమ్మెల్యేగా మూడుసార్లు గెలిచిన సున్నం రాజయ్య సొంత ఊరు వి.ఆర్. పురం మండలంలోనిదే. ఆయన 2019లో రంపచోడవరం నుంచి పోటీ చేయవలసి వచ్చింది, ఓడిపోయారు. గోదావరి ఒడ్డున కోయ గూడెంలో ఉన్న ఓటరు తన ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారాడు. మనకు గీత మారితే కొత్తవారికి తలుపు తెరుచుకుంది; వారికి గీత మారితే ఊరే మునిగే ముప్పులో పడింది.

కొత్త పునర్విభజన ఎప్పుడు వచ్చినా మన అయిదు మండలాలు ఇలాగే కలిసి ఉంటాయన్న భరోసా లేదు, సత్తుపల్లి రిజర్వుడుగానే ఉంటుందన్న భరోసా కూడా లేదు. ఆ ప్రక్రియలో ముసాయిదా ప్రకటిస్తారు, అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇస్తారు. సాధారణంగా ఆ గడువులో మాట్లాడేది పార్టీల నాయకులే. ఈసారి మన సంఘంలోని వకీళ్ళు, ఉపాధ్యాయులు, రైతులు కూర్చుని ఆ ముసాయిదా చదవాలని నా కోరిక. ఏ మండలం ఎటు వెళ్తే కాలువ చివరి రైతుకు ఏమవుతుంది, అడవి అంచు గూడెం ఎవరికి దగ్గరవుతుంది అన్నది మనకంటే బాగా తెలిసినవారు ఎవరూ లేరు.

సాంఘికశాస్త్రం బోధించే మన ఉపాధ్యాయ మిత్రులకు మరో మనవి. పిల్లలకు పార్లమెంటు గురించి చెప్పేముందు వేంసూరు, సత్తుపల్లి కథ చెప్పండి. 1952లో గుర్తు పెట్టెలో చీటీ వేసినవారు మన ఊళ్ళలో ఇప్పటికీ ఒకరిద్దరు ఉండవచ్చు. పిల్లలను వారి దగ్గరకు పంపి, వారు చెప్పింది రాయించి, బడి లైబ్రరీలో ఒక పుస్తకంగా ఉంచితే వచ్చే తరానికి పనికొస్తుంది.