తోలుబొమ్మయు దాని పాఠమును: ఉదయగిరి–ఆత్మకూరు సీమను గూర్చి యొక పరిశీలనము

శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గమును గజపతులనుండి జయించి, అందలి బాలకృష్ణవిగ్రహమును విజయనగరమునకు గొనిపోయి నూతనాలయమున ప్రతిష్ఠించెను. 1515 నాటి శాసనము ఈ వృత్తాంతమును దెలుపుచున్నది. చోటు మాఱినను విగ్రహమునకు అర్చన మాఱలేదు. దాని కైంకర్యములకు గ్రామములు దానము చేయబడినవి. ఇప్పుడా విగ్రహము చెన్నైలోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది. అచ్చట అర్చన లేదు. రూపము మాత్రము నిలిచినది. శిల్పచరిత్ర వ్రాయువానికి ఆ రూపము చాలవచ్చును. అదే సీమకు చెందిన మఱియొక బొమ్మ విషయమున, అనగా తోలుబొమ్మ విషయమున, రూపమొక్కటి చాలదని నా యభిప్రాయము.

ఉదయగిరి కొయ్యచెంచాల పనికి పేరుపొందినట్లే, ఆత్మకూరునకు పడమట మఱ్ఱిపాడు మండలమందలి డి.సి. పల్లి తోలుబొమ్మల పనికి పేరుపొందినది. నిమ్మలకుంట, నరసరావుపేటలతో బాటు ఈ పల్లెయు నీ శిల్పమునకు నెలవు. 2008లో ఆంధ్రదేశపు తోలుబొమ్మలకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు తొలగించి, వెలుతురు చొచ్చునంత పలుచన యగువఱకు గీకి యారబెట్టుదురు. పిమ్మట ఆకృతిని గీచి, ఉలులతో రంధ్రములు గొట్టి, రెండు ప్రక్కలను రంగులు వేయుదురు. కిరీటము, హారములు, కేయూరములు, వీనిలో మెఱయునదంతయు నిజమునకు రంధ్రములే. వెనుక దీపమున్నపుడే యవి రత్నములగును. గోడకు దగిలించిన బొమ్మకు నగలు లేవు. ఆముదపు దీపములనాడు ఆ వెలుతురు కదలుచుండెడిది గనుక నగలును కదలినట్లు తోచెడివి. విద్యుద్దీపము క్రింద నట్లు తోచదు.

ఈ యాట ప్రాచీనతకు పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రము సాక్ష్యము. పదుమూడవ శతాబ్దికి చెందిన ఆ కవి శ్రీశైలయాత్రను వర్ణించుచు, తెరమఱుగున భారతాదికథల నాడించువారిని పేర్కొనెను. రామకథకు ఆటగాండ్రు ముఖ్యముగ నాశ్రయించినది గోన బుద్ధారెడ్డి పేర వెలసిన రంగనాథ రామాయణము. ఈ వృత్తి నవలంబించిన కుటుంబములలో పెక్కింటికి ఇంటిభాష మరాఠీ మాండలికము. ఇంట మరాఠీ పలుకువారు తెలుగు ద్విపదను తరతరములుగ కంఠస్థము చేసి, ఊరూరను తెల్లవాఱువఱకు వినిపించుట మన సాహిత్యచరిత్రలలో తగినంత చోటు పొందని విషయము. ద్విపదతో బాటు కేతిగాడును బంగారక్కయు గలరు. గంభీరమైన ఘట్టము ముగియుటయే తడవుగ వారు తెరపైకి దుమికి మోటుమాటలతో నవ్వింతురు. ఆ మాటలకు గ్రంథము లేదు. ఊరినిబట్టి, పూటనుబట్టి పుట్టునవి.

పాఠమునకును బొమ్మకును గల సంబంధము తెలియుటకు జపాను దేశపు బున్‌రాకును పోల్చి చూడవచ్చును. 1684లో తకెమోతొ గిదయూ ఒసాకానగరమున బొమ్మలాటశాలను స్థాపించెను. చికమత్సు మొంజయెమోన్ అతనికి నాటకములు వ్రాసి యిచ్చెను. 1734 మొదలుకొని యొక్కొక్క ప్రధానపాత్రను మువ్వురు గూడి యాడించు పద్ధతి యేర్పడినది: ఒకడు తలను కుడిచేతిని, వేఱొకడు ఎడమచేతిని, మూడవవాడు పాదములను నడపును. అవి కొయ్యతలల బొమ్మలు, మనవి తోలునీడలు. వారు ప్రేక్షకుల కంటియెదుటనే యాడింతురు. మనవారు తెరవెనుక నుందురు. ఇవి పైకి గనబడు భేదములు. ఇంతకంటె ముఖ్యమైనది వేఱొకటి. కథను గానము చేయువాడు నాటకప్రతిని పీఠముపై నుంచికొని, ఆరంభమున దానిని నొసటికెత్తి నమస్కరించును. పాఠమంతయు నోటికి వచ్చినను ప్రతి యెదుట నుండవలసినదే. 1984లో ఒసాకాలో ప్రారంభమైన జాతీయ బున్‌రాకు నాటకశాలలో ప్రదర్శనగదియు రంగస్థలమును ఒక్క భవనముననే యున్నవి. అద్దము వెనుక బొమ్మను చూచినవాడు అచ్చటనే దాని గానమును వినగలడు.

మన బొమ్మ గతి వేఱు. సినిమాయు, పిదప టెలివిజనును రాత్రిజాగరపు ప్రేక్షకులను గైకొనినవి. శిల్పులు జీవనార్థము లాంపుషేడులను, గోడపటములను చేయ నారంభించిరి. దీనిని నిందించుట పండితులకు సులభము. అది కడుపు నిండినవాని విమర్శ. లాంపుషేడు వలననే తోలును గీకు చేయియు, ఉలియు నిలిచినవి. నిమ్మలకుంట శిల్పి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించుటయు సంతోషకరము. అయినను లాంపుషేడు ద్విపదను పాడదు.

ఈ యాటపై జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ 1984లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు సిద్ధాంతవ్యాసమును సమర్పించెను. మరుసటి సంవత్సరమున మొదలి నాగభూషణశర్మగారి గ్రంథము వెలువడినది. రెండును ఆంగ్లమున నున్నవి. రెండింటికిని ప్రధానవిషయము నాటకకళ. ఆటగాండ్ర ద్విపదను ముద్రిత రంగనాథ రామాయణముతో పంక్తి పంక్తికిని సరిచూచుట తెలుగుశాఖల పని. ఏ ఘట్టములు విడువబడినవి, ఏవి చేర్చబడినవి, యతిప్రాసలెచ్చట సడలినవి, మరాఠీ ఉచ్చారణము తెలుగు దీర్ఘములనేమి చేసినది, ఇవి వినినగాని తెలియవు. డి.సి. పల్లికి పోవు విద్యార్థి బొమ్మల ఛాయాచిత్రములు తీయుటకు ముందు వృద్ధులయిన ఆటగాండ్రచేత పాడించి ధ్వనిముద్రణము చేయవలెను. ఆ పాఠమును వ్రాసికొనునపుడు కేతిగాని మాటలు అశ్లీలములని చుక్కలు పెట్టరాదు.