కోర్టు మెట్లెక్కే హక్కు

"నిన్ను కోర్టుకీడుస్తా" అని మనం కోపమొస్తే తేలిగ్గా అనేస్తాం. సిడ్నీ గోల్డర్‌కు ఆ వీలు లేదు. దోపిడీ కేసులో పదిహేనేళ్ల శిక్ష పడి, ఇంగ్లండులోని పార్క్‌హర్స్ట్ జైల్లో ఉన్నాడు. 1969 అక్టోబరులో అక్కడ గొడవ జరిగింది. దాడి చేసినవాళ్లలో గోల్డర్ కూడా ఉన్నాడని ఒక వార్డరు ముందు గట్టిగా చెప్పి, తర్వాత తడబడ్డాడు. కేసు నిలవలేదు గానీ రికార్డులో మచ్చ మిగిలింది. పెరోల్‌కు అదే అడ్డమని గోల్డర్ అనుమానం. వార్డరు మీద పరువునష్టం దావా వేస్తాను, లాయరుతో మాట్లాడనివ్వండని 1970లో హోంమంత్రికి అర్జీ పెట్టుకున్నాడు. కుదరదన్నారు.

వివాదం స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు చేరింది. 1950లో రోములో సంతకాలైన యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలోని 6వ అధికరణమే అక్కడ ఆధారం. నిష్పాక్షికమైన కోర్టు, బహిరంగ విచారణ, సహేతుకమైన గడువు అన్నీ అందులో ఉన్నాయి. అసలు కోర్టుకు వెళ్లే హక్కు ఉందన్న ముక్కే లేదు! కేసు మొదలయ్యాకే ఈ హక్కులన్నది బ్రిటన్ వాదన.

1975 ఫిబ్రవరి 21న తీర్పొచ్చింది. ఆ వాదనే నిజమైతే రేపు ఏ ప్రభుత్వమైనా కోర్టులనే ఎత్తేసి, 6వ అధికరణాన్ని మీరలేదని చెప్పుకోవచ్చు కదా అన్నారు జడ్జీలు. తొమ్మిది మంది గోల్డర్ వైపు, ముగ్గురు అటువైపు. ఒప్పందంలో లేనిది చదవడం కోర్టు పని కాదని బ్రిటిష్ జడ్జి ఫిట్జ్‌మారిస్ విభేదించారు. తీసిపారేయదగ్గ మాట కాదది. అయినా గుమ్మానికి తాళం వేసి, లోపల న్యాయం సిద్ధంగా ఉందంటే ఎవరు నమ్ముతారు? పరిహారంగా గోల్డర్‌కు పైసా రాలేదు; గెలుపే చాలన్నారు.

తాళం లేకపోయినా డబ్బు లేకపోతే? భర్త నుంచి చట్టబద్ధంగా విడిపోవాలనుకున్న ఐర్లండు మహిళ జోహానా ఏరీకి లాయరు ఫీజు భారమైంది. సొంతంగా వాదించుకోవచ్చుగా అంది ప్రభుత్వం. కాగితం మీది హక్కు హక్కు కాదని 1979లో అదే కోర్టు తేల్చింది. ఆమె తరఫు లాయరు మేరీ రాబిన్సన్ తర్వాత ఆ దేశాధ్యక్షురాలయ్యారు.

అదే 1979లో మన సుప్రీంకోర్టు, హుస్సేనారా ఖాతూన్ కేసులో, బీహారు జైళ్లలో మగ్గుతున్న విచారణ ఖైదీలను చూసి, మన రాజ్యాంగం 21వ అధికరణంలో ఎక్కడా రాయని సత్వర విచారణ హక్కును అందులోనే చదివింది.

ఇప్పుడు మన దగ్గర మండల న్యాయసేవా కమిటీలున్నాయి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు. అవసరమైనవారెవరైనా తెలిసుంటే ఆ సంగతి చెప్పండి.