మంత్రగత్తెలు: ఒక నవ్వుల నవల, ఒక ఉరికంబం

జాన్ అప్‌డైక్ నవల 'ద విచెస్ ఆఫ్ ఈస్ట్‌విక్' 1984లో వచ్చింది. అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఈస్ట్‌విక్ అనే చిన్న కల్పిత పట్టణం. వియత్నాం యుద్ధకాలం. భర్తల్ని వదిలించుకున్న ముగ్గురు స్త్రీలకి మంత్రశక్తులు అబ్బుతాయి. అలెగ్జాండ్రా మట్టిబొమ్మలు చేస్తుంది. జేన్ చెల్లో వాయిస్తుంది. సుకీ ఊరి పత్రికకి వార్తలు రాస్తుంది. ఒకామె మాజీ భర్త వంటింటి అరమీద సీసాలో రంగుల పొడిగా మిగిలాడు. ఇంకొకామె మాజీ భర్త భోజనాల బల్లమీద కంచం కింద వేసే ప్లాస్టిక్ ముక్కయ్యాడు. భార్యని వంటింటి సామానుగా చూసే లోకంలో భర్తే సామానైపోతే మనకి నవ్వొస్తుంది. ఆ నవ్వు న్యాయమైనదే.

అయితే ఈ నవలని ఆ పక్క రాష్ట్రం చరిత్రతో కలిపి చదవాలి. 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రవిద్య నేరం మోపి 19 మందిని ఉరితీశారు. అందులో 14 మంది స్త్రీలు. మొట్టమొదట వేలెత్తి చూపింది ఎవరిని? టిటుబా అనే బానిస స్త్రీని, ఇంటింటా అడుక్కునే సారా గుడ్‌ని, మొదటి భర్త ఆస్తి విషయంలో తగాదాపడిన సారా ఆస్బర్న్‌ని. ఆస్బర్న్ జైల్లోనే చనిపోయింది. ఎవరి అండా లేని స్త్రీలకే కాదు, గౌరవంగా బతికే గృహిణులకీ రక్షణ లేకపోయింది.

నవలలో ఒంటరితనం స్త్రీకి శక్తినిస్తుంది. చరిత్రలో ఒంటరి స్త్రీ శక్తి లేనిది కాబట్టే దొరికిపోయింది. అప్‌డైక్ ఈ తేడాని నవ్వుతో దాటేశాడు. అంతటితో ఆగలేదు. ముగ్గురు స్నేహితురాళ్ళూ కలిసి జెన్నీ అనే అమ్మాయి మీద ప్రయోగం చేస్తారు, ఆమె క్యాన్సర్‌తో చనిపోతుంది. చివరికి మంత్రంతోనే తలా ఒక భర్తని సంపాదించుకుని ఊరు వదిలిపోతారు. అంటే సేలం న్యాయమూర్తులు నమ్మింది ఇక్కడ నిజమైంది: ఆడవాళ్ళ స్నేహం ప్రాణాంతకం. దానికి విరుగుడు పెళ్ళి! గురువారాల్లో ముగ్గురూ కలిసి తాగుతూ చెప్పుకునే కబుర్లలోని ఆత్మీయతని అంత బాగా రాసిన రచయితే దాన్ని ఇలా ముగించడం నాకు మింగుడుపడదు.

ఇది మనకి దూరపు సంగతి కాదు. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో స్త్రీలపై మంత్రగత్తె ముద్ర వెయ్యడాన్ని నేరంగా చేసే చట్టాలు తేవాల్సి వచ్చింది. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అనే అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపారు. ముద్ర వెయ్యడానికి క్షణం చాలు. చెరపడానికి ఎంతకాలం పడుతుందో ఎలిజబెత్ జాన్సన్ కథ చెబుతుంది. 1693లో ఆమెకి మరణశిక్ష పడింది, అమలు కాలేదు. తర్వాత ఎందరి పేర్ల మీదో మచ్చ తుడిచినా ఆమె పేరు మిగిలిపోయింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఆమె తరఫున అడిగే వారసులు లేరు. చివరికి ఒక బడిపిల్లలు పట్టుబట్టాక, 2022లో మసాచుసెట్స్ ఆమెని నిర్దోషిగా ప్రకటించింది.