ఆటపెట్టె చెప్పిన పాఠము



బిడ్డకు ఆటవస్తువును కొని తెచ్చుదుము. బిడ్డ పెట్టెను చించి వస్తువును గైకొనును. చినిగిన పెట్టెను మనము ఊడ్చి పారవేయుదుము. పెట్టె కొనువాని కంటికి ఇంపుగా నుండిన చాలునని వర్తకుల తలంపు. కాని, ఆ పెట్టె కూడ ఆటలో భాగమే, చదువులోను భాగమే యని తలంచినవారు జర్మనీ దేశమున ఇరువురుండిరి. ఒకరు వయస్సు మళ్లిన ఉపాధ్యాయుడు. రెండవవారు ఒక విద్యార్థిని. ఇరువురును తురింగియా యను సీమలోనే పనిచేసిరి.

ఆ యుపాధ్యాయుడు 1782లో జన్మించిన ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్. ఆతడు యౌవనమున బెర్లిను నగరమందలి శిలాసంగ్రహశాలలో స్ఫటికముల నడుమ పనిచేసెను. ఒక నియమమునకు లోబడి భాగములన్నియు ఒక్క ఆకృతిగా నేర్పడుట ఆతని మనస్సున నాటుకొనెను. 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న యూర పసిబిడ్డలకై ఒక శాలను నెలకొల్పి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’, అనగా బాలల తోట, యని పేరిడెను. అచటి ఆటవస్తువులను ‘కానుక’లనిరి.

అందు మూడవ కానుకను చూడుడు. అది రెండంగుళముల చతురపు దిమ్మె. ఎనిమిది చిన్న దిమ్మెలుగా విడివడును. దానికి జారుమూత గల కొయ్యపెట్టె కలదు. బిడ్డ పెట్టెను బల్లపై బోరగిలబెట్టి, అడుగుననున్న మూతను మెల్లగా లాగి, పిదప పెట్టెను నిట్టనిలువుగా నెత్తవలెను. దిమ్మె చెదరక నిండుగా నిలుచును. బిడ్డ మొదట చూచునది ముక్కలను గాదు, పూర్ణరూపమును. పిమ్మట దానిని విడదీసి మెట్లు, గోడ, ద్వారము కట్టును. ఆట ముగియగనే ఎనిమిదింటిని మరల ఒక్కటిగా పేర్చి, పెట్టెను బోర్లించి, మూతను జొనిపి, తిప్పిపెట్టవలెను. ఒక్క దిమ్మె తప్పినను మూత పడదు. లెక్క, ఓర్పు, శుభ్రత యను మూడింటిని పంతులు నోరు మెదపకయే పెట్టె నేర్పుచున్నది. చిరకాలము బడిలో బెత్తము పట్టిన నాకు ఈ యుపాయము మిక్కిలి మెచ్చదగినదిగ తోచుచున్నది.

ఇట్టి సాధువైన పనికిని విఘ్నము కలిగెను. ఫ్రోబెల్ అన్నకొడుకు వ్రాసిన వ్రాతలను ఈతనివిగా పొరబడి ప్రష్యా ప్రభుత్వమువారు 1851లో ఆ శాలలను నిషేధించిరి. మరుసటి యేట ఆతడు మరణించెను. నిషేధము 1860లో గాని తొలగలేదు. అయినను ఆ పెట్టెలు సముద్రము దాటెను. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమున ఒక తల్లి వానిని చూచి తన కుమారునికి తెచ్చియిచ్చెను. ఆ బాలుడే పిదప ప్రఖ్యాత భవనశిల్పియైన ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆ దిమ్మెల స్పర్శ తన వ్రేళ్లయందు ఇంకను నిలిచియున్నదని ఆతడు పెద్దవాడైన పిదప వ్రాసికొనెను.

ఇక విద్యార్థిని మాట. ఆమె పేరు ఆల్మా బుషర్. 1919లో వైమారు నగరమున స్థాపింపబడిన బౌహౌస్ అను కళాశాలలో 1922లో చేరెను. స్త్రీలకు నేతపనియే తగునని తలంచు నాటి వాడుక చొప్పున ఆమెను మొదట మగ్గముల చెంతకు పంపిరి. ఆమె యటనుండి కొయ్యపని శాలకు మారెను. 1923లో ఆ కళాశాలవారు ఒక మాదిరి యిల్లు కట్టి ప్రదర్శింపగా, అందలి పిల్లల గదికి ఆమె ఒక బీరువాను కల్పించెను. ఆటవస్తువులు దాచు దాని యరలను వెలికి తీసిన అవియే బల్లలు, ఆసనములు, చక్రముల బండి యగును. తలుపే బొమ్మలాటకు తెర యగును. దాచు పాత్రమే ఆటవస్తువైనది! ఆ యేడే ఆమె ఇరువదిరెండు రంగుదిమ్మెల ఓడయాటను గూడ చేసెను. ఆమె 1944లో విమానదాడిలో మరణించినను, ఆ యాట నేటికిని తయారగుచునే యున్నది.

ఈ తలంపు మనకు క్రొత్త గాదు. వామనగుంటల మడతపీటను తలంపుడు: విప్పిన ఆటపలక, మూసిన చింతపిక్కల పెట్టె. దాని నెన్నడును ఎవరును పారవేయలేదు. అమ్మమ్మనుండి మనుమరాలికి సంక్రమించినది.

కాబట్టి పెద్దలకు నా విన్నపము. మనుమలు ఆడి లేచినపుడు వస్తువులను మీరు సర్దకుడు; వారిచేతనే పెట్టెలో పెట్టింపుడు. ఆటలోని సగము చదువు ఆ సర్దుటయందే కలదు.