ఓడల రంగు – సముద్రపు నత్తల వంధ్యత్వం

సముద్రంలో తిరిగే ఓడల అడుగుభాగానికి నాచు, గుల్లలు పట్టడం సహజం. వాటివల్ల ఓడ వేగం తగ్గి ఇంధనం అధికంగా ఖర్చవుతుంది. దీనిని నివారించడానికి 1960వ దశకం నుండి ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు సమ్మేళనం కలిపిన రంగులు వాడుకలోకి వచ్చాయి. రంగులోని విషం కొద్దికొద్దిగా నీటిలోకి ఊరుతూ, ఓడను అంటుకోబోయే జీవులను చంపేది. కానీ ఆ విషం ఓడ దగ్గరే ఆగలేదు.

1970లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ తీరాన డాగ్ వెల్క్ అనే జాతి ఆడ నత్తలలో పురుషాంగం వంటి అవయవం పెరగడాన్ని శాస్త్రజ్ఞులు గమనించారు. 1971లో ఈ స్థితికి 'ఇంపోసెక్స్' అనే పేరు వచ్చింది. దీనికి ఓడల రంగులోని తగరపు సమ్మేళనమే కారణమని 1980వ దశకంలో రుజువైంది. లీటరు నీటిలో గ్రాములో వంద కోట్లవ వంతు ఉన్నా ఈ మార్పు మొదలవుతుంది. విషం నత్త శరీరంలోని హార్మోను వ్యవస్థను తారుమారు చేస్తుంది. ఆడ నత్తలో పెరిగిన శుక్రనాళం గుడ్లు వెలువడే ద్వారాన్ని మూసివేస్తుంది. గుడ్ల తిత్తులు లోపలే పేరుకొని, చివరకు తల్లి నత్త మరణించవచ్చు. డాగ్ వెల్క్ పిల్లలు నీటిలో తేలుతూ దూరం పోవు. గుడ్డు నుండి వెలువడిన చోటనే పాకుతూ పెరుగుతాయి. అందువల్ల ఒక తీరాన జాతి నశిస్తే, వేరే తీరం నుండి మళ్లీ వచ్చి చేరడానికి చాలా కాలం పడుతుంది.

ఫ్రాన్స్‌లోని ఆర్కషోన్ అఖాతంలో 1970వ దశకం చివర ఆల్చిప్పల పెంపకం కూడా దెబ్బతిన్నది. పెంకులు వికృతంగా మందమెక్కాయి, పిల్లలు దక్కలేదు. దానితో ఫ్రాన్స్ 1982లో, బ్రిటన్ 1987లో చిన్న పడవలకు ఈ రంగును నిషేధించాయి. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలులోకి వచ్చి, అన్ని రకాల ఓడలకు నిషేధాన్ని విస్తరించింది.

మన దేశంలోనూ ఈ జాడ కనిపించింది. కర్ణాటకకు పొరుగున ఉన్న గోవాలోని మార్మగోవా రేవు నత్తలలో ఇంపోసెక్స్ ఉన్నట్లు 1999లో పరిశోధకులు ప్రకటించారు.

నిషేధం తరువాత బ్రిటన్ తీరంలో చాలాచోట్ల నత్తలు తిరిగి వృద్ధి చెందాయి. అయితే రేవుల అడుగు బురదలో పేరుకొన్న విషం ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. పూడిక తీసినప్పుడు అది మళ్లీ నీటిలో కలిసే ప్రమాదం ఉన్నది.