గోళం వెనక నీడ పక్క

ఇక్కడే నిలబడండి. ఇది కంప్యూటరు లెక్కలోని జాగా, గళ్లుగా కోసింది. ఒక్కో గడి 5 మిల్లీమీటర్లు. పొడవునా వంద, వెడల్పునా వంద, ఎత్తునా వంద: మొత్తం పది లక్షలు. నడుమ 15 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న లోహపు గోళం. గోళమని పేరే గానీ దగ్గరికెళ్తే కోనేటి మెట్లే. ఘనాలు పేర్చి గుండ్రం తెమ్మంటే అంతకన్నా రాదు. మీరున్నది దాని వెనక, నీడ పక్క.

ఎడమ నుంచి రాడార్ స్పందం బయల్దేరింది. అందులో 3 గిగాహెర్ట్జ్ దాకా పౌనఃపున్యాలున్నాయి. వాటిలో అతి పొట్టి అల 10 సెంటీమీటర్లు, అంటే ఇరవై గళ్లు. ఇక్కడ కాలం అడుగులేస్తుంది, అడుగుకు 9.6 పికోసెకన్లు. ఇంకొంచెం పెద్ద అంగ వేద్దామనుకుంటే అంకెలు పేట్రేగిపోతాయి. కూరంట్, ఫ్రీడ్రిక్స్, లూయీ 1928లోనే ఆ హద్దు గీశారు.

మీ గడిలో ఆరు అంకెలున్నాయి. విద్యుత్ క్షేత్రానివి మూడు అంచుల మీద, అయస్కాంత క్షేత్రానివి మూడు ముఖాల మీద. 1966లో కేన్ యీ చేసిన సర్దుబాటు ఇది. అర అడుగుకు ఒక జట్టు మారితే, మిగతా అర అడుగుకు రెండోది మారుతుంది. గడి చూసేది ఇరుగుపొరుగునే. అవతల గోళముందో, అల వస్తోందో దానికి పట్టదు.

ఎదుటి పక్క స్పందం లోహాన్ని కొట్టేసింది. బలమైన ప్రతిధ్వని ఎడమకు మళ్లింది. మీ దగ్గర ఇంకా సున్నాలే. ఉండండి... అదిగో, ఒంపు వెంట పాకుతూ వస్తోంది, పైనుంచీ కిందనుంచీ. రెండు పాయలూ మీ ముందే ఒకదాన్నొకటి దాటుకుని, అవతలి ఒంపు పట్టుకుని వెళ్లిపోయాయి. ఈ పాకే అలను ప్రోగ్రాంలో ఎవరూ రాయలేదు. పొరుగు గళ్ల కూడికలు, తీసివేతల్లోంచి తనంతట తానే పుట్టింది. నాకు ఈ పద్ధతి మీద గురి కుదిరేది సరిగ్గా ఇక్కడే.

గోడల సంగతి వేరు. చెదిరిన అల అనంతంలోకి పోవాలి, మన జాగా చూస్తే అర మీటరు. గోడకు తగిలి వెనక్కొస్తే గోళం పంపిందేదో, గోడ పంపిందేదో తేలదు. అందుకే చుట్టూ పది వరుసల మందాన, తగిలిన అలను తిప్పికొట్టకుండా మింగే పొర వేశారు. ఫ్రాన్సుకు చెందిన జాన్-పియర్ బెరంజే 1994లో దీన్ని ప్రకటించాడు. నన్నడిగితే గోళం కన్నా ఈ గోడే గొప్ప పనితనం.

ఇక ఎడమ పక్కకు రండి, తిరిగొచ్చిన ప్రతిధ్వని గ్రాఫు చూద్దాం. ముందొక పెద్ద ఎత్తు. దాదాపు 270 అడుగుల తర్వాత, అంటే 2.6 నానోసెకన్లకు, చిన్న బొడిపె. వెనకనుంచి చుట్టి వచ్చినదే అది: ఒక వ్యాసం, అర చుట్టుకొలత కలిపి 77 సెంటీమీటర్ల అదనపు దారి. గోళానికి గుస్టాఫ్ మీ 1908లో కచ్చితమైన లెక్క చెప్పాడు కాబట్టి, ప్రతిధ్వనిని పౌనఃపున్యాలుగా విడదీసి దానితో సరిపోల్చుకోవచ్చు. తక్కువ పౌనఃపున్యాల్లో రెండు గీతలూ ఒకటే. 3 గిగాహెర్ట్జ్ దగ్గర పడేకొద్దీ మనది పక్కకు జరుగుతోంది, ఆ మెట్ల వల్లే. గడిని 2.5 మిల్లీమీటర్లకు కుదించాలి. గళ్లు ఎనిమిదింతలు, అడుగులు రెండింతలు, పని పదహారింతలు. రేపు పొద్దుటికి అవుతుందేమో, రన్ కొట్టండి.