ఇంటిహద్దు – ఆకాశచిత్రము

వీధిలో నిలిచినవానికి గోడ కనబడును గాని ఇంటి ఆకారము కనబడదు. ఊరిలోని ఇండ్లన్నిటి ఆకారములను పైనుండి చూచి పటమున కెక్కించు విద్యకు 160 ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ విద్య నేడు మన గ్రామములలోని ఇండ్ల హక్కులతో ముడిపడినది గనుక దానిని గూర్చి కొంత ముచ్చటింప దలచినాము.

పారిస్ నగరమున నదార్ అను ఛాయాచిత్రకారుడు, ఆకాశమునుండి తీసిన చిత్రములతో భూమిపటములు తయారుచేయు పద్ధతికి 1858లో పేటెంటు పొందెను. ఆతడు బెలూనెక్కి చిత్రములు తీయబోగా, బెలూనునుండి వెలువడు వాయువు సోకి పలకలు చెడిపోవుచుండెను. పెక్కు యత్నముల పిమ్మట నగరసమీపమున నొక పల్లెలోని కొలదియిండ్లు మసకగా పలకపై దిగినవి.

విమానము వచ్చిన తరువాత ఈ విద్య బలపడినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున నేటి ఇరాకు దేశములో సర్వే జరుపుచుండిన బ్రిటిషు సైనికాధికారి బీజ్లీ, సమర్రా సమీపమున తీసిన విమానచిత్రములలో నొక ప్రాచీన నగరపు వీధులను, కట్టడముల జాడలను గుర్తించెను. నేలపై నడచువారికి అవి వట్టి మట్టిదిబ్బలు.

అయితే పైనుండి కనబడునది ఇంటికప్పే గాని ఇల్లు కాదు. చిత్రము అంచునకు పోయినకొలది మేడలు వెలుపలికి వాలినట్లుండును. కప్పు వెంబడి గీత గీచినచో ఇల్లు తన చోటు తప్పును. అందుచేత ఒకే స్థలమును రెండు తావులనుండి చిత్రించి, మన రెండు కన్నులు చూచినట్లే చూచి, ఎత్తులను లెక్కగట్టుదురు. నేలపై ముందుగా కొలిచిన గుర్తులతో సరిపోల్చి పటమును దిద్దుదురు. నేడు కప్పుల గీతలను కంప్యూటరు సయితము గీయగలదు. కాని చూరు ఎంతవరకు, గోడ ఎంతవరకు? ఒకే కప్పు క్రింద నున్న అన్నదమ్ముల వాటాలు ఎచట విడిపోవును? వేపచెట్టు క్రింద దాగిన పాక ఎవరిది? వీనికి చిత్రము బదులు చెప్పజాలదు.

తెలుగునాట ఈ ప్రశ్నలు సంసారములను తాకునట్టివి. శిస్తు కొరకు జరిగిన పూర్వపు సర్వేలు పొలములను విడివిడిగా కొలిచినవి. ఇండ్లున్న చోటును సాధారణముగా గ్రామకంఠమని ఒక్కముక్కగా చూపి విడిచినవి. అందుచేత పొలమునకు సర్వేనెంబరు కలిగియుండి, తాతలనాటి ఇంటికి పత్రము లేని కుటుంబము లనేకము. అన్నదమ్ములు వేరుపడునప్పుడును, ఇంటిపై అప్పు కోరి బ్యాంకుకు పోయినప్పుడును ఆ లోటు తెలియవచ్చును.

ఈ కొరత తీర్చుటకై కేంద్రప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించినది. ఆంధ్రప్రదేశము కూడ అందులో చేరినది. చిత్రములు తీయు బాధ్యత 1767 నాటి భారత సర్వేశాఖది. డ్రోను ఎగురుటకు ముందు ఇంటివారు, పంచాయతీవారు కలిసి హద్దుల వెంబడి సున్నముతో గీతలు గీయుదురు. ఆ తెల్లని గీతలు చిత్రములో పడును. వానినిబట్టి 1:500 కొలతలో పటము సిద్ధమగును. ముసాయిదాను గ్రామస్థులకు చూపి, అభ్యంతరములు విన్న పిమ్మటనే హక్కుపత్రము వచ్చును.

కాబట్టి ఇంతటి శాస్త్రమును తుదకు సున్నపుగీతపై ఆధారపడియున్నదని మేము భావించుచున్నాము. బలవంతుడు తన గీతను తానే జరుపుకొనగలడు. పట్నమునకు వలసపోయినవాని గీత, ఒంటరిగా నున్న ముసలమ్మ గీత ఎవరు గీయవలెను? ఆ దినమున ఇరుగుపొరుగులు దగ్గర నిలిచి, గీత న్యాయముగా పడునట్లు చూడవలెను. ముసాయిదా వచ్చినప్పుడు చదువు వచ్చినవారు రానివారికి చదివి చెప్పవలెను. ఆనాడు తప్పిన గీతను తరువాత దిద్దించుట బీదవారికి సులభము కాదు.